గుల్ల తలుపుకి బిగించిన పిడి

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఆ మాట మొదటే చెప్పేస్తే మంచిది. కొత్తింట్లో టక్కుమని చప్పుడైందని ఎవరైనా భయపడితే, చెక్క ఆరుతోందని నవ్వి పంపేసేవాణ్ణి. తలుపు దానంతట అది తెరుచుకుంటోందంటే వెళ్లి మడతబందు బిగించి వచ్చేవాణ్ణి. నలభై ఏళ్లు వడ్రంగం చేసినవాడికి ఇళ్లల్లో వచ్చే చప్పుళ్లన్నీ తెలిసే ఉంటాయి.

ఈ ఒక్క సంగతి మాత్రం నాకు అంతుపట్టలేదు. సిగ్గేసి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఎందుకు సిగ్గో చదివితే మీకే తెలుస్తుంది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. శ్రీకాకుళంలో టేకు కంటికి కనిపించేది కాదు. మంచి కర్రంతా మిలిటరీకి పోయేది. వీధి తలుపుకి ఎలాగో పాత కర్ర సంపాదించినా, లోపలి గదులకి గుల్ల తలుపులే చేసేవాళ్లం. చుట్టూ సన్నటి చట్రం, మధ్యలో రెండు మూడు అడ్డపట్టీలు, రెండు వైపులా ఖాళీ టీ పెట్టెల నుంచి ఊడదీసిన పల్చటి పలకలు. రంగు వేస్తే నిండు తలుపులాగే ఉంటుంది. వేలితో కొడితే డప్పులా మోగుతుంది.

ఈ తలుపులతో ఒక చిక్కుంది. పల్చటి పలకలో మరమేకు నిలవదు. కొక్కెం, గడియ, పిడి ఎక్కడ రావాలో ముందే ఇంటివాళ్లని అడిగి, ఆ చోట లోపల కర్రముక్క పెట్టి చట్రానికి బిగించాలి. ఆ తర్వాతే రెండో వైపు పలక కొట్టాలి. ముక్క ఉన్న చోటు మర్చిపోకుండా తలుపు అంచు మీద పెన్సిలుతో గీత పెట్టుకుంటాం. పలక మూసేశాక ఎవరైనా కొత్త చోటు చూపిస్తే మళ్లీ అదంతా ఊడదీయాల్సిందే.

దేవదానం మాస్టారు మిషన్ బడిలో లెక్కలు చెప్పేవారు. ఆయన కట్టుకున్న ఇంటికి నాలుగు గుల్ల తలుపులు చేశాను. చొక్కాలు తగిలించే కొక్కేలకీ, గొడుగు తగిలించే కొక్కేనికీ, అన్నిటికీ లోపల ముక్కలు పెట్టాను. రంగు కూడా అయిపోయాక, చివరి రోజు వాళ్లమ్మ రూతమ్మగారు నన్ను తన గదిలోకి పిలిచారు.

ఆవిడకి డెబ్బై దాటి ఉంటాయి. తుంటి నొప్పి. అయినా రోజూ పొద్దున్నే నేల మీద మోకరించి ప్రార్థన చెయ్యందే ముద్ద ముట్టేవారు కాదు. మోకరించడం ఎలాగో మోకరించేవారు, లేవడమే కష్టం. కోడలు వచ్చి లేపాలి. ఆ అమ్మాయికి పొయ్యి దగ్గర పని తెమిలేదాకా ఈవిడ అలాగే నేల మీద ఉండిపోయేవారు. అది ఆవిడకి చాలా చిన్నతనంగా ఉండేది.

"తలుపుకి ఇక్కడో పిడి ఎట్టు నాయనా. పట్టుకుని నానే లెగుస్తాను," అని నడుం ఎత్తుకి కొంచెం కిందగా చూపించారు.

అడ్డపట్టీ అక్కడికి జానెడు పైన ఉంది. అక్కడ పెడతానన్నాను. అంత పైకి తన చెయ్యి అందదన్నారు. మరి పలక తీసి ముక్క పెట్టాలి. పూట పని. రంగు మళ్లీ వెయ్యాలి. మర్నాడు నాకు నెల్లిమర్లలో ఒక ఇంటి పని మొదలు. బద్ధకించాను. దానికి వేరే పేరేమీ లేదు. మరమేకులకి నూలు చుట్టి, కన్నాల్లో లక్క కరిగించి పోసి, ఇనప పిడిని ఉత్త పలకకే బిగించేశాను.

"లోపల కర్ర ఎట్టినావా? నాను బరువు మనిసిని," అన్నారావిడ.

"ఎట్టినాను అమ్మగోరూ," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. బాడిస తీసి కళ్లకద్దుకుని ఒట్టు కూడా వేశాను. దసరాకి పసుపు రాసి పూజ చేసే పనిముట్టు అది. దాని మీద అబద్ధపు ఒట్టు మా ఇంట్లో అంతకుముందు ఎవరూ వెయ్యలేదు.

"ఒట్టెందుకు నాయనా, నీ మాట సాలు," అన్నారావిడ.

చొక్కాలకి కర్ర పెట్టాను. మనిషికి పెట్టలేదు.

నా లెక్కన ఆ పిడి పది రోజులు ఆగితే ఎక్కువ. ఊడితే ఆవిడ వెల్లకిలా పడతారు. ఆ వయసులో తుంటి విరిగితే ఇక మంచం దిగరు. ఇంత తెలిసీ వెళ్లలేదు. వెళ్తే వేసిన ఒట్టు అబద్ధమని ఒప్పుకోవాలి. బజారులో మాస్టారు కనబడితే పక్క సందులోకి తప్పుకునేవాణ్ణి. "ఏటైనాది నీకు, కూడు సరిగ్గా తినవు," అని మా ఆవిడ అడిగితే కసురుకునేవాణ్ణి.

నాలుగు నెలలు గడిచాయి. వానలు పట్టుకున్నాయి. ఒకరోజు మాస్టారు కబురు పెట్టారు, తల్లి గది తలుపు ఉబ్బి పడటం లేదని. తలుపు వంకతో పిలిచి నిలదీస్తారనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. రూతమ్మగారు ప్రార్థనలో ఉన్నారు. గుమ్మం ఇవతలే నిలబడ్డాను. తలుపు పూర్తిగా తెరిచి, కదలకుండా గోడకున్న రింగుకి కొక్కెం తగిలించి ఉంది. తలుపుకీ గోడకీ మధ్య రెండు వేళ్ల సందు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, తలుపు వెనక మనిషి పట్టే చోటు లేదు.

ప్రార్థన అయింది. ఆవిడ పిడి పట్టుకుని మొత్తం బరువు దాని మీద వేశారు. నేను పరుగెత్తబోయి ఆగిపోయాను. పలక వెంట్రుకవాసి కూడా ఉబ్బలేదు. కిర్రుమనలేదు. ఎవరో చెయ్యందిస్తే లేచినట్టు ఆవిడ తేలిగ్గా లేచి నిలబడ్డారు.

"ఏటి సూస్తన్నావు? నువ్వు ఎట్టిందే," అని నవ్వారు. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "నాను ఇటు లాగితే అది అటు లాగతాది నాయనా, సెయ్యట్టుకుని లాగినట్టు. మంచి పని సేసినావు," అన్నారు.

ఆవిడ వంటింటి వైపు వెళ్లాక పిడి మీద చెయ్యి వేశాను. రెండు వేళ్లతో లాగితే ఊడి వచ్చేసింది. మరమేకులు నాలుగూ దాంతోపాటే వచ్చాయి. లక్క ఎప్పుడో పొడైపోయింది. ఒక కన్నంలో చిటికెన వేలు పెట్టి చూశాను. ఖాళీ. లోపల కాస్త చల్లగా ఉంది, అంతే.

చిత్రిక పట్టాలని చెప్పి తలుపు దింపి పెరట్లోకి మోసుకెళ్లాను. ఎవరైనా ముందే విప్పి బాగుచేశారేమోనని మేకుల తలలు ఒక్కొక్కటీ చూశాను. వాటి మీద నేను వేసిన రంగు చెక్కుచెదరలేదు. పలక తీశాను. నా అడ్డపట్టీలు, అడుగున కాస్త టీ పొడి. ఇంకేమీ లేవు.

అప్పుడు, నాలుగు నెలల కిందట చెయ్యాల్సిన పని చేశాను. పాత టేకు ముక్క ఒకటి చట్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా పెట్టి, జిగురు పూసి, పలక మూసి, పిడి బిగించాను. జిగురు ఆరాక అంచు చిత్రిక పట్టి, తలుపు మళ్లీ గుమ్మానికి బిగించి, రెండు కాళ్లూ ఎత్తేసి ఆ పిడికి వేలాడాను. కదల్లేదు. రంగు అద్దేసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఇంటికి వచ్చాను. ఆ రోజు అన్నం సహించింది.

మర్నాడు పొద్దున రంగు ఆరిందో లేదో చూస్తానని మళ్లీ వెళ్లాను. రూతమ్మగారు ప్రార్థన ముగించి పిడి పట్టుకున్నారు. లేవలేదు. మళ్లీ పట్టుకున్నారు. చేతి నరాలు తేలాయి. ఒక మోకాలు కొంచెం పైకి వచ్చి మళ్లీ నేలకి దిగిపోయింది. పిడి మాత్రం రాయిలా ఉంది.

ఆవిడ దాన్ని తడిమి చూశారు. "గట్టిగానే ఉన్నాది. అవతల ఎవురూ నేరు," అన్నారు. నా వైపు తిరిగారు. "దీన్ని ఏటి సేసినావు నాయనా?"

"ఏటీ సెయ్యనేదు అమ్మగోరూ," అన్నాను.

ముసలి ప్రాణం, ఒక్క రోజులో సత్తువ తగ్గిపోయి ఉండొచ్చు. ఆ మాట నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. అయితే పట్టు లేని పిడి నాలుగు నెలలు ఆవిణ్ణి ఎలా లేపింది? నా కళ్లతో చూసిన ఆ ఒక్క పొద్దు సంగతైనా నాకు ఇవాళ్టికీ తెలియదు. తర్వాత ఆవిడ మోకరించడం మానేసి మంచం మీద కూర్చునే ప్రార్థన చేసుకునేవారని విన్నాను. నా జన్మలో అంత గట్టిగా బిగించిన పిడి ఇంకోటి లేదు. అది ఎవరికీ పనికిరాలేదు.

ఆ పొద్దున నేనే దగ్గరికి వెళ్లి చెయ్యిచ్చాను. ఆవిడ పట్టుకుని లేచారు. లేచాక కూడా నా చెయ్యి వెంటనే వదల్లేదు.

"ఇదిగో, సరిగ్గా ఇలగే ఉండీది," అన్నారు.

అప్పుడైనా చెప్పాల్సింది. తలుపులో కర్ర పెట్టలేదని, ఒట్టు అబద్ధమని. నోటిదాకా వచ్చింది. తలుపు సరిగ్గా పడుతోందా అని అడిగి, సంచి భుజాన వేసుకుని వచ్చేశాను.