మా మేనత్త సాధించిన అడ్రసు

మా మేనత్త పోయిందని అన్నయ్య ఫోన్ చేసేసరికి నేను ఆమదాలవలసలో, నేను పనిచేసే మందుల షాపులో ఉన్నాను. టీ పెట్టుకుంటూ పొయ్యి దగ్గరే కూలబడిపోయిందట. ఏడుపు రావాల్సిన చోట నాకు ముందు భయం వచ్చింది. వాయిదాకి రెండు వారాలు కూడా లేవు. ఇక ఆ రోజు బావని జడ్జిగారి ముందుకి తెచ్చేదెవరు?

అసలు సంగతి మీకు చెప్పాలి. నేను మేనత్త కొడుకునే చేసుకున్నాను. అంటే ఆవిడ నాకు అత్తగారు కూడా. బావ వెల్డింగు పనికి గల్ఫ్ వెళ్లాడు. మొదట్లో రోజూ ఫోన్, తర్వాత పండక్కి ఫోన్, ఆ తర్వాత నాకు నంబరే తెలియకుండా పోయింది. అక్కడ ఇంకొకామెతో కాపురం పెట్టాడని ఊరంతటికీ తెలిశాక నాకు తెలిసింది. రానూ రాడు, వదలనూ వదలడు. విడాకులకి వేస్తే, ఆ అడ్రసులో అలాంటి మనిషి లేడని కోర్టు నోటీసు రెండుసార్లు తిరిగొచ్చింది. సరైన అడ్రసు లేకపోతే కేసు కదలదన్నారు లాయరుగారు. ఆ దిగులుతో తిన్నది ఒంటికి పట్టేది కాదు.

కొడుకు మీద కేసు వేసినదాన్ని ఏ అత్త గుమ్మం ఎక్కనిస్తుంది? అయినా చీపురుపల్లిలో ఆవిడ ఇంటికి వెళ్లి చెప్పాను. అప్పుడు అడ్డపొగ కాలుస్తోంది, చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టుకుని. చుట్ట నోట్లో ఉన్నంతసేపూ ఆవిడ మాట్లాడదు. అది అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. ఆఖరికి తీసి పక్కన పడేసింది.

"ఇడాకులైతే ఆడు నీకు మొగుడు కాడు. నాను మేనత్తని కాకుండా పోతానేటే గుంటా? అన్నం తిను."

బావ అడపాదడపా ఆవిడకి ఫోన్ చేసేవాడు గానీ ఎక్కడుంటున్నాడో చెప్పేవాడు కాదు. ఈసారి చేసినప్పుడు, ఎండు నెత్తళ్లు పంపిస్తాను, ఎక్కడికి పంపమంటావని అడిగింది. ఆ చిన్న చేపలంటే పడిచచ్చే మనిషి, గది నంబరుతో సహా చెప్పేశాడు. ఆ అడ్రసు నాకు ఇచ్చే ముందు ఆవిడ కూర్చుని నెత్తళ్ల తలలు గిల్లి, మూట కట్టి నిజంగానే కొరియర్లో పంపింది. ఇదంతా ఎందుకత్తా అన్నాను.

"కన్న కొడుకుతో అబద్దమాడతానేటి? మూట ముందెల్లాల. నీ నోటీసు ఎనకాల ఎల్లాల."

నోటీసు అందాక బావ ఫోన్లో ఎగిరాడు. ఆవిడ అంతకు రెట్టింపు ఎగిరింది. చివరికి విడాకులకి ఒప్పించి, వాయిదా రోజున వీడియోలో జడ్జిగారికి ఆ సంగతి చెబుతానని మాట తీసుకుంది. కోర్టుకి వెళ్లాల్సినప్పుడల్లా రైల్లో ఆమదాలవలస వచ్చి, నన్ను తోడుకుని శ్రీకాకుళం వచ్చేది. వరండాలో బల్ల మీద నా చెయ్యి పట్టుకుని కూర్చునేది. అరచెయ్యి చెమట పడితే తన చీర కొంగుతో తుడిచేది. ధైర్యం చెప్పడం చేతనైన మనిషి కాదు. "నానున్నాను కదేటి" అనేది, అంతే. ఆ ఒక్క మాట మీదే ఇన్నాళ్లూ నిలబడ్డాను.

తల్లి పోయినా బావ రాలేదు. సెలవు ఇవ్వలేదన్నాడట. మా అన్నయ్యే తలకొరివి పెట్టాడు. తల్లే పోయాక వాడింక ఎవరి మాట వింటాడని పెద్దకర్మ నాడు చుట్టాలు నా ఎదుటే అనుకున్నారు. కోపం వచ్చింది గానీ ఏమనగలను, నేనూ లోపల అదే అనుకుంటున్నాను. బావకి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

వాయిదా రోజు బల్ల మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. మా పేర్లు పిలిచారు. లోపల తెర నల్లగా ఉంది. లాయరుగారు లింకు మళ్లీ పంపారు. అయినా ఎవరూ లేరు. జడ్జిగారు తర్వాతి కేసు కాగితాలు తీశారు.

అప్పుడు తెర వెలిగింది. టోపీ పెట్టుకుని బావ. కోర్టులో టోపీ తియ్యాలని గుమస్తా గదమాయించాడు. బావ తటపటాయించి తీశాడు.

గుండు.

 జడ్జిగారు కాగితాలు పక్కన పెట్టి మెల్లిగా అడిగారు, ఈ విడాకులు మీ ఇష్టంతోనేనా అని. ఇష్టమేనండి అన్నాడు. ఆ తర్వాత కళ్లు తుడుచుకోవడానికి పక్కకి తిరిగాడు. తనే గీసుకున్నట్టున్నాడు, నెత్తి మీద బ్లేడు గాట్లు ఉన్నాయి. చెవి వెనక కొంచెం జుట్టు అలాగే మిగిలిపోయింది. చూసి చెప్పడానికి ఆ ఇంకొకామె కూడా పక్కన లేదు కాబోలు.