తలకాయలు లేని కవర్లు

మా పక్కింటి అంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేసి గంట కాలేదు, సినిమా డిస్కులు పోగేసేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆయన లెజెండ్ అయిపోయారు. మొన్నటిదాకా ‘పొగరుబోతు ముసలాయన’ అన్నవాళ్ళే పోటీలు పడి దండం బొమ్మలు పెట్టారు. గ్రూపు అడ్మిన్ అయితే ఏకంగా పోస్టర్ తయారుచేశాడు. ఆకాశమంత మేర అంకుల్ తలకాయ, దాని వెనక సూర్యాస్తమయం, రెండు పావురాలు, కింద బంగారు రంగు అక్షరాలు. అది చూసి నాకు ఏడుపు రాలేదు. అంకుల్ బతికుండి అది చూస్తే ఏమనేవారో తలచుకున్నాక వచ్చింది.

ఆయన సంగతి తెలియనివాళ్ళకి చెప్తున్నాను. అమెరికాలో, న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఒక మందుల కంపెనీలో డబ్బాల మీద అచ్చయ్యే ప్రతి అక్షరాన్నీ సరిచూడడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక బేస్‌మెంట్‌లో పెద్ద ఫొటో ప్రింటర్ పెట్టుకుని, సినిమా డిస్కుల కేసులకి కొత్త కవర్లు చేయడం మొదలుపెట్టారు. ఈ రోజుల్లో డిస్కులు ఎవరు కొంటారని అడక్కండి. కొని, అరల నిండా సర్దుకుని, వాటి ముందు చేతులు కట్టుకుని ఫొటో దిగే మగమహారాజులు న్యూజెర్సీలో కావలసినంత మంది ఉన్నారు. కంపెనీ ఇచ్చిన కవరు వీళ్ళ హోదాకి చాలదు. సొంతంగా బొమ్మ వేయించి, ఖరీదైన కాగితం మీద అచ్చు తీయించి, కేసులో దూర్చుకుంటే తప్ప నిద్ర పట్టదు. ఆ పని కోసమే అంకుల్ గుమ్మం ముందు పడిగాపులు కాసేవారు.

కంపెనీ కవర్లంటే అంకుల్‌కి కూడా మంటే, కానీ ఆ మంట వేరు. హీరో తలకాయ, పక్కన హీరోయిన్ తలకాయ, పైన విలన్ తలకాయ, అందరి కిందా పెట్రోలు మంటలు. “మటన్ కొట్టు” అని పక్కన పడేసేవారు. లోపల లేనిది పైన వేయడం ఆయన దృష్టిలో నేరం. “మందు డబ్బా మీద అబద్ధం వేస్తే ప్రాణం పోతుంది. సినిమా డబ్బా మీద వేస్తే ఒక సాయంత్రం పోతుంది. పోయిన సాయంత్రాన్ని ఎవడు తెచ్చిస్తాడమ్మా?” అని నన్ను అడిగేవారు, ఆ కవర్లు నేనే వేసినట్టు.

ఆయన కవర్ల మీద తలకాయలుండవు. సినిమాలో నిజంగా ఉన్నది ఏదో ఒక్కటి ఉంటుంది. ఆస్తి కోసం కొట్టుకున్న అన్నదమ్ముల సినిమాకి, రెండు తాళాలు వేసి ఉన్న ఒకే తలుపు వేశారు. అంతే, మారు మాట లేదు. అచ్చయిన కాగితానికి స్టీలు స్కేలు ఆనించి, బ్లేడుతో ఒక్క గీతలో కోసేవారు. చెయ్యి వణికి రెండో గీత పడిందా, అది చెత్తబుట్టకే. అసలు కాగితం మీద వేసే ముందు మామూలు కాగితం మీద ఒకటి అచ్చు తీసి, ఖాళీ కేసులో పెట్టి, మెట్ల పక్కన అరలో నిలబెట్టేవారు. అది అక్కడ కొన్నాళ్ళు ఉండాల్సిందే. “ఎదురుగా కూర్చుని చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. పని మీద పోతూ పోతూ చూసినా బాగుండాలి” అనేవారు. నచ్చకపోతే ఆ బొమ్మని మళ్ళీ మొదటినుంచీ వేసేవారు.

ఇక ఆయన అసలు షరతు వింటే సగం మంది గుమ్మం దగ్గరినుంచే వెనక్కి తిరిగేవారు. కవరు కావాలంటే ఆయన పక్కన కూర్చుని ఆ సినిమా మొత్తం చూడాలి. ఇదేం బాధ అనిపించవచ్చు. కానీ మన మహారాజులు డిస్కు మీది ప్లాస్టిక్ పొర విప్పరు. విప్పితే విలువ పడిపోతుందట. సీలు తీయని డిస్కుని బీరువాలో దాచి, వేరే ఖాళీ కేసు కొని, ఆ ఖాళీ కేసుకి కవరు వేయించుకుంటారు. లోపల గాలి, పైన కళ. ఇళ్ళలోనూ మనుషుల్లోనూ ఈ పద్ధతి చూశాను గానీ ఇంత పచ్చిగా ఎక్కడా చూడలేదు.

గ్రూపు అడ్మిన్ ఒకసారి ఆ షరతు తప్పించుకోబోయాడు. కాలిఫోర్నియాలోని శాంటా క్లారా నుంచి మకాం మార్చి వచ్చి, వచ్చిన నెలలోనే ఇక్కడ డిస్కులు పోగేసేవాళ్ళందరికీ పెద్దదిక్కు అయిపోయిన మనిషి. తను కవరు అడిగిన సినిమా తనకి కంఠతా వచ్చని, మళ్ళీ చూడక్కర్లేదని అన్నాడు. అంకుల్ సరేనన్నారు. క్లైమాక్స్‌లో వాన ఎలా తీశాడంటారు అని మర్యాదగా అడిగారు. అడ్మిన్ చెయ్యి గుండెల మీద వేసుకుని, ఆ వానకి థియేటర్లో తనకి నిజంగా చలి పుట్టిందన్నాడు. ఆ సినిమాలో చుక్క వాన లేదు. క్లైమాక్స్ సిమెంటు ఫ్యాక్టరీలో జరుగుతుంది.

అంకుల్ కోప్పడలేదు. తరవాతి వారం కవరు చేసి ఇచ్చారు. ముందూ వెనకా తెల్ల కాగితం, కేసు సన్నటి వెన్ను మీద మాత్రం సినిమా పేరు. అడ్మిన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కళ్ళు మెరిపించి, ‘మినిమలిస్ట్ ఎడిషన్’ అని గ్రూపులో పెట్టాడు. ఇక చూడండి, మాకూ అలాంటిదే కావాలని ఒకటే పోరు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అంకుల్ నవ్వలేదు. “తిట్టానని కూడా తెలియలేదమ్మా వాళ్ళకి” అన్నారు, నిజంగానే దిగులుగా.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది బొమ్మలు వేయడం కాదు, ఈసడించుకోవడం. అది కూడా శ్రద్ధగా చేయాలని ఆయన్ని చూసే తెలిసింది. ఎంత చెత్త సినిమా అయినా చివరి పేరు తెర మీంచి దిగేదాకా చూశాకే నోరు విప్పేవారు. “పూర్తిగా చూసినవాడికే తిట్టే హక్కు” అనేవారు. నేను పుట్టుకతోనే నోటి దురుసు మనిషిని. దానికొక పద్ధతి నేర్పినందుకు ఆయనకి రుణపడి ఉన్నాను.

ఇప్పుడు మా నాన్న సంగతి చెప్పాలి. అమ్మ పోయాక ఆయన మా దగ్గరే ఉంటున్నారు. వయసులో ఉండగా నాన్న ఒక సినిమాకి దర్శకత్వం వహించారు. అదే మొదటిదీ, అదే ఆఖరుదీ. డబ్బు పెట్టినాయన మేనల్లుడే హీరో. వాడికి నడక రాదు, నవ్వు రాదు, ఏడుపు అసలే రాదు. పాటలు ఎన్ని ఉండాలో, ఎక్కడ ఉండాలో వాళ్ళ ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చారట. సినిమా వచ్చింది, పోయింది. నాన్న ఇన్సూరెన్స్ ఆఫీసులో చేరిపోయారు. మా ఇంట్లో ఆ సినిమా పేరు ఎవరూ ఎత్తేవాళ్ళం కాదు.

దగ్గర్లోని ఎడిసన్ ఊళ్ళో ఒక ఇండియన్ స్టోర్‌లో, పచ్చళ్ళ సీసాల వెనక ఆ డిస్కు అంకుల్‌కి దొరికింది. కవరు మీద పిస్తోలు పట్టుకుని ఒక పెద్ద స్టార్ తలకాయ. స్టార్ కాకముందు ఆయన ఆ సినిమాలో వేసింది టీ ట్రే తెచ్చి పెట్టి వెళ్ళిపోయే వేషం. పక్కనున్న హీరోయిన్ ఆ సినిమాలోనే లేదు. దర్శకుడి పేరు వెనకవైపు, ధర కింద, చీమ తలకాయంత. అంకుల్ కంటికి ఆనింది అదే.

నాన్నా, ఆయనా రోజూ మా కాంప్లెక్స్ చెరువు చుట్టూ కలిసి నడిచేవారు. అంకుల్ అక్కడే అడిగేశారు. ఎవరో తన పేరున్న ఇంకో మనిషి అయ్యుంటాడని నాన్న నడక వేగం పెంచారు. నన్ను అడిగితే నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ తరవాత అంకుల్ వదలలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం నాన్నని వాళ్ళ హాల్లో కూర్చోబెట్టి సినిమా వేశారు. నేనూ కూర్చున్నాను. మా నాన్నదని మొహమాటపడి చెప్పను, అది దారుణమైన సినిమా. నేనైతే సగం ఫోన్ చూసుకుంటూ గడిపాను. అంకుల్ మాత్రం రెప్ప వేయలేదు. చివరి పేరు కూడా వెళ్ళాక నాన్నవైపు తిరిగారు.

“బాలేదండీ” అన్నారు.

“నేనడగలేదే” అని నాన్న లేచి బూట్లు తొడుక్కున్నారు.

మర్నాటినుంచీ ఇద్దరూ చెరువు చుట్టూ ఎదురెదురు దిక్కుల్లో నడవడం మొదలుపెట్టారు. చుట్టుకి రెండుసార్లు ఎదురుపడేవారు, ఒకరు నీళ్ళు చూసేవారు, ఇంకొకరు బాతుల్ని చూసేవారు. డెబ్భై దాటిన మనుషుల బుద్ధి అది. నేను అంకుల్ దగ్గరికి వెళ్ళి, పోనీ ఏదో ఒక మంచి బొమ్మ వేసి కవరు చేసిచ్చెయ్యండి, పెద్దాయన సంతోషిస్తారు అన్నాను.

“మీ నాన్నగారు నీకంటే తెలివైనవారు. ఇట్టే పట్టేస్తారు” అన్నారు. “వెతుకుతాను. ఒక్కటైనా ఉండకపోదు. లేకపోతే మాత్రం తెల్ల కవరేనమ్మా. స్నేహితుడని అబద్ధం వేయలేను.”

అప్పుడు భయమేసింది నాకు. అడ్మిన్‌కి తెల్ల కవరు ఇస్తే నవ్వుకున్నాను. మా నాన్న చేతిలో తెల్ల కవరు పెడితే ఆయన దాన్ని మినిమలిస్ట్ అనుకోరు. జీవితంలో చేసిన ఒకే ఒక్క పనిలో చూపించడానికి ఏమీ లేదని, చూడటం తెలిసిన ఒకే ఒక్క మనిషి తేల్చి చెప్పినట్టు అవుతుంది. ఆ తరవాత చాలా వారాలు గోడ అవతలినుంచి ఆ దిక్కుమాలిన పాటలు వినిపిస్తూనే ఉన్నాయి. “ఆ చెత్త ఇంకా చూస్తున్నాడా?” అని నాన్న విసుక్కునేవారు. విసుక్కుంటూనే తన కుర్చీని ఆ గోడ పక్కకి జరిపించుకున్నారు.

ఒకరోజు పాటలు వినపడలేదు. ఆ ఉదయమే ఆంటీ ఫోన్. నిద్రలోనే గుండె ఆగిందట. నాన్న గోడ పక్కన కుర్చీలో సాయంత్రందాకా కూర్చున్నారు.

సంస్మరణ సభ మా కాంప్లెక్స్ క్లబ్‌హౌస్‌లో జరిగింది. ఆ పావురాల పోస్టర్‌ని గోడంత ఫ్లెక్సీ చేయించి తగిలించారు. మాట్లాడినవాళ్ళందరూ అంకుల్‌తో తమకున్న అనుబంధం గురించి, అంటే తమ గురించి, మాట్లాడారు. ఆయన చేసిన కవర్లు టేబుల్ మీద వరుసగా పేర్చారు. వాటిలో సగం ఖాళీ కేసులని నాకు తెలుసు. భోజనాల దగ్గర అడ్మిన్ ప్లేటు పట్టుకుని ఆంటీ పక్కన చేరాడు. అంకుల్ డిజైన్ ఫైల్స్ ఏ కంప్యూటర్లో సేవ్ చేశారో తెలుసా, ఆయన లెగసీని గ్రూపు తరఫున తాను కాపాడతానన్నాడు. ఆంటీ అతనివైపు తిరిగారు.

“సినిమా చూడకుండా ఆయన ఎవరికీ ఇవ్వలేదు నాయనా. డిస్కులన్నీ విప్పి, అన్నీ చూసి రా. అప్పుడిస్తాను.”

అతను నవ్వాడు, ఆంటీ నవ్వలేదు. ప్లేటు తీసుకుని వేరే టేబుల్‌కి వెళ్ళిపోయాడు. నాకు ఆ రోజంతటిలో కడుపు నిండింది అప్పుడే.

అందరూ వెళ్ళాక ఆంటీతో వాళ్ళింటికి వెళ్ళాను. మెట్ల పక్కన అరలోంచి ఒక కేసు తీసి, ప్లేయర్‌లో ఉండిపోయిన డిస్కు అందులో పెట్టి నా చేతికిచ్చారు. ఇది మీ నాన్నగారిదే అనుకుంటా, మీ అంకుల్ పైకి వెళ్తూ కిందకి వస్తూ దీన్నే చూసుకునేవారు అన్నారు. కవరు వెనకవైపు నాకు కనిపిస్తోంది. తెల్లగా ఉంది. దాన్ని తిప్పి చూసే ధైర్యం లేక కోటులో దాచుకుని ఇంటికి వచ్చేశాను.

కోటులో ఎత్తుగా ఉన్నది చూసి నాన్న చెయ్యి చాపారు. నేను ఇవ్వలేదు. ఇవ్వు, ఏముంటే అది ఉంటుంది అన్నారు. తీసుకుని, ఆయనే తిప్పారు.

ఒక ఇంటి అరుగు. దాని మీద ఒక ముసలావిడ, ఒళ్ళో చేట, బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల వంచుకుని ఉంది కాబట్టి ముఖం కనపడదు, ముడి మాత్రం కనపడుతుంది. కింద సినిమా పేరు, దాని కిందే దర్శకత్వం అని మా నాన్న పేరు. ఇంకేమీ లేదు. అది మామూలు కాగితమే, అసలుది వేసే టైము అంకుల్‌కి దొరకలేదు.

ఈవిడెవరు, సినిమాలో ఎక్కడుంది అని అడిగాను. నాన్న కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

“ఫైట్‌లో” అన్నారు. “ఆ ఇల్లు ఆవిడదే. షూటింగ్, లేవండమ్మా అంటే, నాకు పనుంది, మీరే జరగండి అంది. కెమెరామన్, ప్రొడ్యూసర్, వాడి మేనల్లుడు, అందరూ ఆవిణ్ణి లేపాలని నా మీద పడ్డారు. వద్దు, ఉండనివ్వండి అన్నాను. మొత్తం సినిమాలో నా మాట నెగ్గింది అక్కడొక్కచోటే.”

అన్ని వారాలపాటు ఆ చెత్తనంతా మళ్ళీ మళ్ళీ చూసి, మా నాన్నని అందులోంచి వెతికి బయటికి తీశారు అంకుల్.

నాన్న డిస్కు పెట్టమన్నారు. ఫైట్ దాకా జరిపాను. హీరో గాల్లో మూడు మెలికలు తిరిగాడు. రౌడీలు గడ్డివాముల మీదికి ఎగిరిపడ్డారు. బండి చక్రం ఒకటి ఊడి దొర్లుకుంటూ పోయింది. తెర మూలన అరుగు మీద ఆవిడ ఒక రాయి ఏరి, వేళ్ళ మధ్య పట్టుకుని చూసి, హీరో పడి ఉన్నవైపు విసిరింది. దుమ్ము రేగి అరుగు మీదికి వచ్చింది. బియ్యంలో పడకుండా చేటని ఒళ్ళోకి కాస్త దగ్గరికి జరుపుకుంది. తల మాత్రం ఎత్తలేదు.