ముందు అరుపులు ఆపండి

ఈ పరాయి దేశంలో మేముండే క్రెయిగీబర్న్‌లో అందరం ఆంటీ అని పిలిచే ఆవిడ, తప్పిపోయిన పిల్లల్ని వెతికే ఒక సేవాసంస్థలో వాలంటీరు. ఎక్కడికి వెళ్లినా ఆవిడ మొదట చేసే పని ఒక్కటేనట: పెదవులమీద వేలు పెట్టి అందరి నోళ్లూ మూయించడం. విన్నప్పుడల్లా, ఇదేం పెత్తనమమ్మా అనుకునేదాన్ని.

ఆ మధ్యాహ్నం పార్కులో మా బార్బెక్యూ. మా అక్క కూతురు, ఆరేళ్ల పిల్ల, పుట్టినరోజు కేకును కింద పడేసి మాయమైపోయింది. పక్కనే వాగు. పోలీసులకు ఫోన్ చేశాం, ఆంటీకీ చేశాం. ఆవిడ తన బృందంతో వచ్చేసరికి మేమంతా "ఎక్కడ చచ్చావే!" అని గొంతులు చించుకుంటున్నాం.

ఆంటీ వేలు పెదవులమీదికి వెళ్లింది.

"ముందు అరుపులు ఆపండి. మీరు భయంతో అరుస్తున్నారు, పిల్లకేమో కోపంలా వినిపిస్తుంది. దొరికితే తంతారని ఇంకా దాక్కుంటుంది."

తనవాళ్లను వాగు వెంబడి పంపించి, మా అక్క భుజం పట్టుకుంది. "రోజూ అన్నానికి ఎలా పిలుస్తావో అలా పిలువమ్మా."

అక్క ఏడుపు దిగమింగుకుని, గట్టు వెంట నడుస్తూ పిలిచింది. "బుజ్జమ్మా, పెరుగన్నం కలిపానే, రా తల్లీ!"

చిన్న వంతెన కిందనుంచి సన్నని గొంతు వినిపించింది. "మమ్మీ, ఆర్ యూ యాంగ్రీ?"

"లేదు నాన్నా, లేదు!" అక్క వంతెన కిందికి దిగి, బురద కాళ్లతో ఉన్న పిల్లను అలాగే ఎత్తుకుంది. మా బావ ఏదో మందలించబోతే ఆంటీ వేలు మళ్లీ లేచింది. ఆయన ఠక్కున ఆగిపోయాడు. అప్పుడు ఆవిడ ఆ వేలు దించి, రెండు చేతులూ పైకెత్తింది.

"ఇప్పుడు అరవండర్రా!"

మా అరుపులకు చెట్లమీది తెల్ల కాకటూ చిలుకలన్నీ ఒక్కసారిగా లేచాయి. అందరిలోకీ పెద్ద గొంతు ఆంటీదే.