నీళ్ళ పైపుకి ఆ చివర

మెడలో టేపు లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు. బట్టలు కుడుతుంది కాబట్టి అందరికీ టేపమ్మే అయింది. అసలు పేరు కట్టుకున్నవాడికైనా గుర్తుందో లేదో అని తనే నవ్వేది.

ఆ కట్టుకున్నవాడు బస్సు డ్రైవరు. ఏళ్ళ తరబడి కొండదారుల్లో బండి నడిపాడు. ఉద్యోగం నుంచి దిగిన మరుసటి ఏడే పక్షవాతం వచ్చి కుడికాలూ కుడిచెయ్యీ పడిపోయాయి. మాట పోలేదు గానీ, మాట్లాడటం తనే మానేశాడు. కిటికీ పక్క మంచం మీద పడుకుని పెరట్లో నిమ్మచెట్టు వైపు చూస్తూ ఉండేవాడు. ఇల్లు నీళ్ళ అడుగున ఉన్నట్టు నిశ్శబ్దమైపోయింది. మధ్యాహ్నాలు మిషను దగ్గరే ఆవిడకు కునుకు పట్టేది. ఆ కునుకులో ఇల్లు పడవలా ఓ పక్కకు ఒరిగేది. మంచం మెల్లగా జారి, గడప దాటి, చెట్టు కిందకు పోయి ఆగేది. కళ్ళు తెరిస్తే ఎక్కడిది అక్కడే.

చక్రాల కుర్చీ కొందామని గుమ్మం కొలిచింది. కుర్చీలమ్మే అతను చెప్పిన వెడల్పు కంటే గుమ్మం ఓ పిసరు తక్కువ వచ్చింది. గుమ్మం పగలగొడితే పైన గోడ ఏమవుతుందో అని వెనకాడింది. అది చాలదన్నట్టు గడప దిగితే మూడు మెట్లు.

మెట్ల బదులు చెట్టు దాకా వాలు కట్టించాలంటే పెరటి పల్లం ఎంతో తెలియాలి. అది కొలిచే సామాను ఏం కొనాలో అడుగుదామని ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్ళింది. కొట్టతను నిదానస్తుడు. అంతా విని, ఆవిడ మెడలోని టేపు అడిగి తీసుకుని, బల్ల మీద స్టీలు టేపు పక్కన పరిచాడు. గుడ్డ టేపు చివరి అంకె, స్టీలు టేపు మీది అదే అంకెను దాటి ముందుకు వచ్చింది.

"మీది సాగిపోయిందక్కా. ఉన్నదానికంటే తక్కువ చెబుతోంది. మీ గుమ్మానికేం కాలేదు, కుర్చీ పడుతుంది."

వీధిలో ఆడవాళ్ళంతా తమ నడుము కొలత విని ఎందుకు మురిసిపోతున్నారో ఆవిడకు అప్పుడు తెలిసింది. కొలిచేదీ కత్తిరించేదీ ఒకే టేపుతో కాబట్టి ఎవరి జాకెట్టూ బిగుసుకోలేదు, బతికిపోయింది.

ఇక పెరటి మాట. గోడ మీద ఎర్రగీత వేసే లేజరు చూపించి, గదుల్లో అలమర్లు బిగించడానికైతే బాగుంటుంది, ఎండలో గీత కనబడదన్నాడు. రసమట్టం చేతికిచ్చాడు. పచ్చటి నీళ్ళలో గాలిబుడగ నిద్రలో కదిలినట్టు అటూ ఇటూ జరిగి, రెండు గీతల మధ్య ఆగింది. ఆవిడ దాన్నే చూస్తూ ఉండిపోయింది. మూరెడు పొడవున్న దానితో పెరడంతా కొలిస్తే తప్పు పెరుగుతూ పోతుందని కొట్టతనే వారించాడు. చివరికి స్టీలు టేపూ, చుట్టచుట్టిన తెల్లటి పారదర్శకపు పైపూ కట్టి ఇచ్చాడు. నీళ్ళు పోసి, లోపల గాలి లేకుండా చూసుకుంటే చాలు, రెండు చివర్లా నీళ్ళు ఒకే ఎత్తున నిలుస్తాయట. కాకపోతే రెండో చివర పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి.

ఇంటికొచ్చి, కనబడాలని నీళ్ళలో కాస్త నీలిమందు కలిపి పైపు నింపింది. పక్కింటావిడను పిలవబోయి ఆగింది. గడపకు మూరెడు ఎత్తున కిటికీ చువ్వ మీద సుద్దగీత గీసి, పైపు చివర తెచ్చి మొగుడి ఎడమచేతిలో పెట్టింది. నీళ్ళు ఆ గీత దగ్గర ఉండాలంది. ఆయన వేళ్ళు పైపు చుట్టూ ముడుచుకున్నాయి.

ఆవిడ రెండో చివరతో చెట్టు దాకా నడిచింది. ఎండలో నీలం నీళ్ళు పైకీ కిందకీ ఊగుతున్నాయి.

"ఆగు, ఇంకా ఊగుతోంది," అన్నాడాయన కిటికీలోంచి.

ఎన్నాళ్ళకు విన్న గొంతో అది. ఆవిడ పైపు కదలకుండా పట్టుకుని నిలబడింది. గాలి కూడా లేదు.

"కొంచెం దించు. ఆఁ. గీత మీదకొచ్చింది."

చెట్టు మొదలు మీద గుర్తు పెట్టింది. అక్కణ్ణుంచి నేలకు కొలిచి, మూరెడు తీసేస్తే, మూడు మెట్ల ఎత్తే కాదు, ఇంకో మెట్టంత పల్లం తేలింది.

మర్నాడు మేస్త్రి వచ్చి, గడప నుంచి చెట్టుకు తిన్నగా వాలు కట్టేస్తానన్నాడు. ఎంత పొడవని ఆయన మంచం మీంచే అడిగాడు. విని తల అడ్డంగా ఊపాడు.

"అంత వాలైతే బండి ఆగదు. గోడ వెంబడి తీసుకెళ్ళి, అక్కడో మలుపు తిప్పు. మలుపు దగ్గర కాస్త చదును ఉంచు, ఆగడానికి. ఎక్కించేది మా ఆవిడ."

ఆ చివరి మాటకు ఆవిడ తల వంచుకుని మిషను వైపు వెళ్ళిపోయింది, దారం ఎక్కించే పనేదో ఉన్నట్టు.

వాలు ఆయన చెప్పినట్టే కట్టారు. సిమెంటు గట్టిపడ్డాక కుర్చీ గుమ్మంలోంచి, రెండు పక్కలా వేలు పట్టేంత సందుతో, బయటికి వచ్చింది. మలుపు దగ్గర ఆయన ఎడమచేత్తో బ్రేకు వేసి, వెనక్కి తిరిగి, హారను కొట్టలేదేమని అడిగాడు. ఆవిడకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆ తరవాత మిషను కూడా పెరట్లోకి వచ్చింది. సాయంత్రాలు ఆవిడ కుడుతుంటే, ఆయన పాత దారుల గురించి చెబుతాడు. ఏ మలుపులో పొగమంచు దిగేదో, ఏ ఊళ్ళో ఎవరు చెయ్యెత్తేవారో. చెబుతూ చెబుతూ నిద్రలోకి జారుకుంటాడు. ఆవిడ మిషను చప్పుడు కాకుండా చక్రం మీద చెయ్యి ఆనించి, పైన మబ్బులు కదలడం చూస్తూ కూర్చుంటుంది.