మా అత్తగారి ఓళిగల్లో మందు

పందొమ్మిది వందల అరవైల్లో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మధ్య తిరిగే రైల్లో జనమంతా కిటికీ పక్క సీటు కోసం కొట్టుకునేవాళ్లు. నేనొక్కణ్ణే మరుగుదొడ్డి పక్క సీటు కోసం కొట్టుకునేవాణ్ణి. పోటీ లేకపోయినా ముందుగా పరుగెత్తి పట్టుకునేవాణ్ణి, ఎందుకంటే ఆలస్యమైతే పోయేది సీటు కాదు, పరువు.

మాది ధర్మవరంలో మగ్గం ఇల్లు. పట్టుచీరలు నేసే నాయనకు పుట్టి, తెగిన పోగు అతకడం రాని ఘనుణ్ణి నేను. వీడు మగ్గం గుంటలో కూర్చుంటే చీర పాడవుతుందని నన్ను చదివించారు. హిందూపురంలో గుమాస్తా పని దొరికింది. ఇంట్లో రాగి సంగటి తిని పెరిగిన నాకు, ఉద్యోగం రాగానే సంగటి నా హోదాకు తక్కువనిపించింది. హోటల్లో పూరీలు, చపాతీలు, టీలో ముంచిన బన్ను మొదలుపెట్టాను. కడుపు ఉబ్బరించింది. నాగరికత కొత్తలో అట్లాగే ఉంటుందిలే అనుకున్నాను.

తర్వాత పెళ్లయింది. అత్తగారిల్లు పెనుకొండ. హిందూపురంలో ఇల్లు దొరికేదాకా నా భార్య పుట్టింట్లోనే ఉండింది. సెలవు రోజున నేను రైలు దిగి వెళ్లేవాణ్ణి. కొత్త అల్లుడు గడప తొక్కితే పెనం మీద ఓళిగ, అంటే బొబ్బట్టు, పడాల్సిందే. మా అత్తగారు మైదాపిండిని నూనెలో నానబెట్టి, జిగురు జిగురుగా సాగేదాకా పిసికి, లోపల పూర్ణం ఉన్నట్టే తెలియనంత పలచగా తట్టేది. వద్దంటే మర్యాదకు వద్దంటున్నానని ఇంకొకటి వేసి నెయ్యి పోసేది. నేను నిజంగా మర్యాదకే వద్దనేవాణ్ణి.

ఏడాది తిరిగేసరికి నా చొక్కాలో ఇంకొకరికి చోటుండేది. కళ్లకింద తెల్లగా పాలిపోయింది, మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు చూసి సంగటి బరువు, ముట్టొద్దు, పాలలో బ్రెడ్డు తిను, తేలిగ్గా అరుగుతుందన్నాడు. జీవితంలో నేను తు.చ. తప్పకుండా పాటించిన సలహా అదొక్కటే. దాంతో మంచమెక్కాను.

నన్ను ధర్మవరం తెచ్చుకున్నారు. మా అవ్వ నా మోకాళ్లు పట్టి చూసి తీర్పు చెప్పేసింది.

"మీ యత్త నీకు మందు పెట్టిందిరా. కొంగుకు కట్టేసుకునేదానికి."

అల్లుడు తమ చెప్పుచేతల్లో ఉండాలని తిండిలో ఏదో కలిపి పెడతారని మా వైపు గట్టి నమ్మకం. ఎస్సెల్సీ పాసైనవాణ్ణి, పగలబడి నవ్వాను. మర్నాడు నోరు మూసుకుని గోరంట్ల దగ్గర మందు కక్కించే ఆయన ముందు కూర్చున్నాను. ఏదో ఆకు పసరు తాగించాడు. పేగులు తప్ప అన్నీ బయటికొచ్చాయి. అందులోంచి నల్లటి ముద్ద ఒకటి పుల్లతో కదిపి, ఇదే మందన్నాడు. తర్వాత పథ్యం చెప్పాడు. సంగటి, పప్పు, మజ్జిగ తప్ప ఇంకేమీ వద్దు, అత్తగారింటి మెతుకు అసలే ముట్టరాదు.

నాకు నయమైంది. అదే వచ్చిన చిక్కు. నా బుగ్గలు నిండేకొద్దీ మా అత్తగారి నేరం రుజువవుతూ వచ్చింది. ఆ మాట రైలెక్కి పెనుకొండ చేరింది. నింద వేసిన ఇంటికి బిడ్డను పంపేది లేదని మామగారు కబురు పెట్టారు.

భార్య దక్కదేమోనని భయం పట్టుకుంది. పెనుకొండ పోయి, నాకు అట్లాంటి అనుమానమే లేదని అందరి ముందూ నిరూపించాలనుకున్నాను. మాటలతో చెప్పి ఊరుకుంటే సరిపోయేది. వీరుణ్ణి కదా, ఓళిగలు అడిగి మరీ పెట్టించుకుని, చాలనకుండా తిన్నాను. తెల్లారేసరికి చెంబు పట్టుకుని పెరట్లోకి పరుగులు. మా అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. ఆ పూటే ఓళిగల పెనం కడిగి అటక మీద పెట్టేసింది.

నా భార్య మాత్రం అడిగింది. "అదే పెనం మీదివి నేనూ తిన్యా. నాకేం కాలేదే?"

అయినా, మామగారి మాట కాదని ఆమె పెట్టె సర్దుకుని నాతో బయల్దేరింది. నింద వేసింది మీవాళ్లే గానీ, నువ్వు పోతే బొట్టు పోయేది నాది అంది. హిందూపురంలో కాపురం పెట్టాక ఇంట్లోకి మైదా కాదు కదా, గోధుమ రవ్వ కూడా రానివ్వలేదు. తన పుట్టింటి వంటల్ని గుర్తు చేసేదేదీ నా కడుపుకు పడదని ఆమె లెక్క. నేను బతికి బట్టకట్టింది ఆ పంతం వల్లే. మా అత్తగారు మళ్లీ ఓళిగ తట్టకుండానే పోయింది.

పింఛను రోజుల్లో పళ్లు ఊడి, మెత్తగా ఉంటుందని బ్రెడ్డు మొదలుపెట్టాను. పాత జబ్బు తిరిగొచ్చింది. ఈసారి బెంగళూరు డాక్టరు గొంతులోంచి గొట్టం దించి, పేగు ముక్క తీసి పరీక్ష చేయించి, మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. చిన్నపేగు లోపలి పొర మీద ముఖమల్ గుడ్డకు నూగు ఉన్నట్టు సన్నటి వేళ్లలాంటివి ఉంటాయట. తిండిలో సారం పీల్చేవి అవే. గోధుమపిండిని సాగేలా చేసే జిగురు పూర్తిగా అరగదు. దాని ముక్కలు పేగు గోడలోకి దిగితే, ఒంట్లోదే ఒక రసాయనం వాటి రూపు కాస్త మారుస్తుంది. పుట్టుకతోనే కొందరి రక్షణ కణాలకు ఆ మారిన ముక్క శత్రువులా కనబడుతుంది. ఒక రకం కణాలు కేకలు పెడతాయి. ఆ కేకలకు పేగు పొరలోనే కాపలా ఉన్న ఇంకొక రకం కణాలు రెచ్చిపోయి, పక్కనున్న సొంత పొర కణాలనే చంపుతాయి. నూగంతా అరిగి పేగు నున్నగా తేలుతుంది. ఇక తిన్నది తిన్నట్టు పోవడమే. గోధుమ మానేస్తే నూగు మళ్లీ మొలుస్తుంది.

అంటే నా కాపలావాళ్లకూ నా బుద్ధే వచ్చింది. ఎవరు ఏమిటో కనుక్కోకుండా సొంత ఇంటి గోడలే పగలగొట్టారు.

నా భార్య అంతా విని, అదే పిండి తను తింటే ఏమవుతుందని అడిగింది. ఏమీ కాదమ్మా, మీ ఒంట్లో ఆ తగువు లేదన్నాడు డాక్టరు.

"అయితే మాయమ్మ ఏం పెట్టలేదు," అంది ఆమె. అది ప్రశ్న కాదు.

ఇంటికొచ్చిన మర్నాడు మైదా తెప్పించి, నూనెలో నానబెట్టింది. నాకు సంగటి ముద్ద వడ్డించి, ఎదురుగా కూర్చుని, నెయ్యి పోసుకుని ఓళిగలు తినింది. కళ్లనీళ్లు తుడుచుకోవడానికి కూడా ఆగలేదు.