కాలు తగిలిన బుధవారాలు

మా అమ్మాయి యూనివర్సిటీ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకి కెప్టెన్ అయిన ఏడు, మా ఇంట్లో బుధవారానికి శనివారాన్ని మించిన నిష్ఠ వచ్చింది. మేం వచ్చి స్థిరపడ్డ ఈ ఇంగ్లీషువాళ్ళ దేశంలో యూనివర్సిటీల్లో బుధవారం మధ్యాహ్నం పాఠాలుండవు, ఆటలకని వదిలేస్తారు. నాకూ ముసలివాళ్ళ కేర్ హోమ్ వంటింటి డ్యూటీల్లో బుధవారమే సెలవు. పొద్దున్నే పులిహోర కలుపుకుని, ఫ్లాస్కు నిండా అల్లం టీ పోసుకుని, బస్సెక్కి గ్రౌండ్‌కి పోయేదాన్ని. అయిదో తరగతితో బడి మానేసిన మనిషిని. ఆ ఆటలో నాకు తెలిసిందల్లా బంతి అవతలివాళ్ళ వలలో పడాలని. చూడగా చూడగా మిగతాదీ కొంత వచ్చింది.

ఆ లీగులో చుట్టుపక్కల యూనివర్సిటీలవి ఆరు జట్లు. చలి మొదలవుతుండగా మొదలెట్టి, మళ్ళీ పూలు పూసేదాకా ఒకళ్ళతో ఒకళ్ళు ఆడతారు. ఆఖరికి అడుగున మిగిలిన జట్టుని కింది డివిజన్‌కి దించేస్తారు. అంతకు ముందేడు మావాళ్ళు వెంట్రుకవాసిలో తప్పించుకున్నారు. అమ్మాయికి ఇది చదువులో చివరి ఏడాది. తన చేతిలో జట్టు కిందికి పోతే ఆ గ్రౌండ్ పక్కనుంచి కూడా నడవనని చెప్పేది. చెప్పడం ఇంగ్లీషులోనే. నేను తెలుగులో అడుగుతాను, అది ఇంగ్లీషులో జవాబిస్తుంది. ఇన్నేళ్ళూ మా మాటలూ, మా పోట్లాటలూ అలాగే సాగాయి.

మా పైగదిలో వరంగల్ వైపు పిల్ల ఒకతి అద్దెకుంటుంది. అదే యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతోంది. ఒకరోజు కదిలిపోతున్న బస్సుని ఆ పిల్ల పరుగెత్తి అందుకోవడం మా అమ్మాయి కళ్ళబడింది. ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా పైకెక్కి, ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. ఖోఖోలో జిల్లాకి ఆడిందట. ఇంకేం, ఫుట్‌బాల్ ఎప్పుడూ తన్ననిదాన్ని రెండు వారాల్లో జట్టులోకి లాగేసింది. గ్రౌండు అంచు గీత పక్కన పరుగెత్తి, బంతిని మధ్యలోకి తన్నితే చాలు, మిగతాది మేం చూసుకుంటామంది.

మొదటి ఆట రోజు సన్నగా జల్లు పడుతోంది. పైగది పిల్లకి బంతి దొరికింది. లేడిలా పోతోంది. అడ్డమొచ్చిన పిల్ల పిక్కకి ఈ పిల్ల బూటు తగిలింది. తగిలీ తగలగానే ఆగిపోయి, వంగి, ఆ పిల్ల మోకాలు తాకి కళ్ళకద్దుకుంది. ఆ తెల్లపిల్ల నోరు తెరుచుకుని నిలబడిపోయింది. బంతి మాత్రం నిలబడలేదు. అవతలివాళ్ళ కాళ్ళలో పడి, గ్రౌండంతా దాటుకుంటూ పోయి మా వలలో పడింది. కాసేపటికి మళ్ళీ అదే వరస. ఓడిపోయాం.

ఆ సాయంత్రం మా వంటింట్లో పంచాయతీ.

"అది కాళ్ళతో ఆడే ఆట. కాళ్ళు తగలవా? అమ్మా, నువ్వే చెప్పు తనకి" అంది మా అమ్మాయి.

"నేను కావాలని జేస్తున్ననా ఆంటీ? కాలు తగిలితే చెయ్యి దానంతటదే పోతది" అంది ఆ పిల్ల.

ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. నేను పప్పు కలుపుతూనే ఉన్నాను. మా అమ్మాయికి నడక వచ్చీ రాని రోజుల్లో, మనిషికి కాలు తగిలినా, పుస్తకానికి తగిలినా కళ్ళకద్దుకోవాలని చెయ్యి పట్టుకుని నేర్పింది నేనే. స్కూల్లో పిల్లలు నవ్వారని ఏదో ఒకరోజు మానేసింది. మానేసినప్పుడు ఏమీ అనలేకపోయాను. ఇప్పుడు ఇంకొకరు పెంచిన పిల్లని మానెయ్యమనడానికీ నోరు రాలేదు. ముందు అన్నాలు తినండర్రా అన్నాను.

తర్వాత కోచ్ ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టింది. ఆ పిల్ల లేకపోతే గీత పక్కన పరుగెత్తేవాళ్ళు లేరు. మళ్ళీ ఓడారు. జట్టు అడుక్కి చేరింది. మా అమ్మాయి అన్నం దగ్గర ఫోన్ తీసి లీగు పట్టిక చూసుకోవడం, పెరుగన్నం సగంలో వదిలేసి లేవడం మొదలుపెట్టింది.

చివరికి ఆదివారం పూట పెరట్లో సాధన పెట్టారు. బంతికి అడ్డుపడే డిఫెండర్‌ని నేను. స్వెటర్ మీద స్వెటర్, పిక్కలకి మా అమ్మాయి ప్యాడ్లు కట్టుకుని క్లోత్స్ లైన్ కింద నిలబడ్డాను. ఆ పిల్ల బంతితో వచ్చి, నా కాలికి తగిలించుకుంటూ, ఆగకుండా పోవాలి.

"ఆంటీని తన్నుడా? మా అమ్మకు తెలిస్తే తోలు తీస్తది."

"మీ అమ్మకి నేను చెప్పుకుంటాలే, కానివ్వు" అన్నాను.

వచ్చింది, తగిలించింది, ఆగింది, వంగింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వంగింది. పక్కింటి ముసలాయన కంచె మీంచి చూసి, అంతా బాగానే ఉందా అని అడిగాడు. ఇది ఫుట్‌బాలేనని మా అమ్మాయి ఆయనకి నచ్చజెప్పాల్సి వచ్చింది. మా అమ్మాయికి కోపం పోయి నవ్వొచ్చింది. ఆ పిల్ల కూడా నవ్వి, గడ్డి మీద కూలబడింది.

"కెప్టెన్, చెయ్యకుండ నాతోని కాదు గానీ, ఆపుకుంట. ఆట అయినంక అందరికీ ఒక్కసారే మొక్కుత. విజిల్ ఊదేదాక ఓపిక పట్టు సామీ అని దేవునికి చెప్పుకుంట."

ఆ పూటే నన్ను దాటుకుని పోయింది. నా పిక్క మీద నల్లమచ్చ వారం రోజులుంది. ప్యాడ్ పక్కకి జరిగిపోయిందిలెండి.

అక్కణ్ణుంచి మా బుధవారాలు మారాయి. ఆట అయ్యాక రెండు జట్లూ వరసగా నిలబడి చేతులు తట్టుకుంటారు. ఆ పిల్ల చెయ్యి తట్టి, వంగి, ఒక్కొక్కళ్ళ కాలూ తాకి కళ్ళకద్దుకునేది. మొదట్లో కొందరు వెనక్కి గెంతారు. ఒకమ్మాయి పాపం, కంటి లెన్సు పడిపోయిందా, వెతకనా అని అడిగింది. క్రిస్మస్ దాటాక అవే జట్లతో రెండోసారి ఆడేటప్పటికి, వాళ్ళే నవ్వుతూ కాలు ముందుకి పెట్టేవాళ్ళు. మావాళ్ళు ఒకటి గెలిచారు, ఇంకోటి గెలిచారు, ఒకటి పోగొట్టుకున్నారు.

ఆఖరి ఆటకి అడుగున మిగిలింది రెండు జట్లు. మేమూ, ఆరోజు మా మీదికొచ్చినవాళ్ళూ. సమానంగా ముగిస్తే మేం నిలుస్తాం, వాళ్ళు దిగిపోతారు. ఓడితే మేం దిగుతాం. వాళ్ళే ముందు గోల్ కొట్టారు. ఎంతసేపటికీ ఆ బాకీ తీరలేదు. మా అమ్మాయీ, వాళ్ళ కెప్టెనూ పూనకం వచ్చినట్టు ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తన్నుకుంటున్నారు. నా ఫ్లాస్కులో టీ చల్లారిపోయింది. మూతైనా తియ్యలేదు.

ఆట అయిపోవస్తుండగా బంతి పైగది పిల్లకి వచ్చింది. వాళ్ళలో పొడుగాటి పిల్ల అడ్డం పడింది. కాలూ కాలూ తగిలి ఆ పొడుగాటి పిల్ల బురదలో పడింది. రిఫరీ విజిల్ ఊదలేదు. మా పిల్ల చెయ్యి సగం దాకా కిందికి దిగింది. ఇవతల గట్టునుంచి నేను చూశాను. "పో తల్లీ, పో" అనుకున్నాను. చెయ్యి పైకి లేచింది. పరుగెత్తింది. బంతిని మధ్యలోకి తన్నింది. అది మా అమ్మాయి మోకాలికి కొట్టుకుని, ఎటుపోవాలో తెలియనట్టు దొర్లి దొర్లి వలలోకి పోయింది.

కాసేపటికి విజిల్ ఊదారు. మా జట్టు నిలిచింది. మావాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి అరుస్తున్నారు. పైగది పిల్ల మాత్రం తిన్నగా ఆ పొడుగాటి పిల్ల దగ్గరికే పరుగెత్తి, బురదలో కూర్చుని కాలు తాకింది.

వాళ్ళ కెప్టెన్ గోల్ పక్కన తల వంచుకు కూర్చుని ఏడుస్తోంది. మా అమ్మాయి సంబరంలోంచి బయటికొచ్చి, ఆ పిల్ల ముందు ఒక్క క్షణం నిలబడింది. వంగి, ఆ పిల్ల పిక్క మీద చెయ్యి పెట్టి, కళ్ళకద్దుకుంది. ఎవరూ చెప్పలేదు. మర్చిపోయిందనుకున్న చెయ్యి.

ఆరోజు పులిహోర రెండు జట్లకీ పెట్టాను. పల్లీలు ఏరుకుని తిన్నవాళ్ళున్నారు, మిరపకాయ కొరికి గెంతినవాళ్ళున్నారు. వాళ్ళ కెప్టెన్ ముక్కు తుడుచుకుంటూ రెండోసారి పెట్టించుకుని, వచ్చే ఏడు గెలిచి ఆపైఏడు మళ్ళీ పైకొస్తామంది. రండి, ఇదే తెస్తానని నాకొచ్చిన ఇంగ్లీషులో మాటిచ్చేశాను.

బస్సెక్కాక గుర్తొచ్చింది, అప్పటికి మా అమ్మాయీ ఉండదు, పైగది పిల్లా ఉండదు. ఆ మాటే అంటే మా అమ్మాయి నా భుజం మీద తల ఆనించి, చాలా రోజులకి తెలుగులో అంది.

"నువ్వుంటావుగా అమ్మా. నువ్వు వెళ్ళు."