ఏ వేలు పట్టుకున్నాను?

ఈ పొద్దున జిమ్‌లో బరువు భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేస్తుంటే కుడి పిరుదు నుంచి పిక్క దాకా సలుపు జారింది. ఆ వెంటనే పాదం తిమ్మిరెక్కింది. కింద రబ్బరు చాప ఉందో లేదో తెలియలేదు. బల్ల మీద కూలబడి, షూ విప్పి, కళ్లు మూసుకుని నా కాలి వేళ్లను నేనే ఒక్కొక్కటీ పట్టుకుని చూసుకున్నాను. ఈ అలవాటు ఓబులేసు మాస్టర్ వల్ల వచ్చింది.

మాస్టర్‌ది జమ్మలమడుగు. మగ్గం మానేసి ప్రొద్దుటూరులో రేకుల షెడ్డులో జిమ్ పెట్టాడు. అప్పుడు నేను అక్కడే ఒక అంగడిలో నగల పని నేర్చుకుంటున్నాను. పగలంతా కుడికాలు మడిచి దాని మీదే కూర్చోవాలి. కాలు తిమ్మిరెక్కలేదంటే కుదురుగా కూర్చోలేదని మా యజమాని తిట్టేవాడు. అందుకే జిమ్‌లో తిమ్మిరొచ్చినా ఒళ్లు దారికొస్తోందనే సంబరపడ్డాను. నా తెలివి అంతవరకే.

ఒకరోజు మాస్టర్ నా భుజాల మీది బరువు తీసేశాడు.

"ఏందప్పా, కాలు ఈడ్చుకుంటాండావు?"

"తిమ్మిరి మాస్టర్. మాకు అలవాటే."

"అలవాటైనాక అది నొప్పో కాదో నీకేం తెలుస్తాది? కండ్లు మూసుకో. ఏ వేలు పట్టుకున్నా?"

"బొటనవేలు."

కళ్లు తెరిచి చూస్తే ఆయన చేతిలో ఉన్నది చిటికెనవేలు. ఆయనే నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. నడుము దగ్గర నరం నొక్కుకుపోయిందని తేలింది. మూడు నెలలు నన్ను బరువు ముట్టుకోనివ్వలేదు. అంగడికొచ్చి, "వీన్ని గంటకోతూరి లేపప్పా" అని మా యజమానికి చెప్పిపోయాడు. నా కాలు ఆయన పెట్టిన భిక్ష.

ఆ మరుసటి ఎండాకాలం మాస్టర్ ఒంటి చెప్పుతో షెడ్డులోకి వచ్చాడు. రెండోది గడప దగ్గరే జారిపోయి ఉంది. నేను నవ్వాను.

"ఇంకో చెప్పు యాడ మాస్టర్?"

ఆయన కాలివైపు కాసేపు చూసుకున్నాడు. "చలికి మొద్దుబారిందిలే అప్పా" అన్నాడు. రేకులు కాగిపోతున్నాయి. చలేమిటని నాకు తోచనే లేదు. అందరమూ నవ్వాం.

కొన్ని నెలలకు షుగరు పుండు ముదిరి ఆ పాదం తీసేశారు. ఆయన పులివెందులలో కూతురింట ఉంటే చూడబోయాను. ఉండబట్టలేక అడిగేశాను.

"నా వేళ్లు చూసినోనివి, నీవెందుకు చూసుకోలేదు మాస్టర్?"

"ఇంకొకరు పట్టుకోవాల గదప్పా" అన్నాడు.

ఆ మాట నన్ను తప్పుపట్టడమో, ఊరికే అన్నదో నాకు తెలియలేదు. మళ్లీ అడిగే ధైర్యం రాలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ తెలియదు.

ఈ పొద్దున నా వేళ్లు నేను పట్టుకుంటే, తెలిసింది చేతికో కాలికో అర్థం కాలేదు. పక్కన చెమట తుడుచుకుంటున్నాయన వైపు కాలు చాపాను. ఆయన పేరు కూడా నాకు తెలియదు.

"అన్నా, ఏమనుకోవద్దు. ఏదో ఒక వేలు పట్టుకో" అని కళ్లు మూసుకున్నాను.